చలాన్ మెసేజ్ నుంచి ‘డిజిటల్ అరెస్ట్’ దాకా: ఫోన్‌లో వచ్చే మోసాన్ని పసిగట్టడం ఎలా

మా బాబాయి స్కూటర్ అమ్మేసి ఆరేళ్లయింది. కొన్నవాడు బండిని తన పేరు మీదకు మార్చుకున్నాడో లేదో అన్న గుబులు మాత్రం ఆయనకు ఇంకా పోలేదు. అందుకే ఒక ఆదివారం మధ్యాహ్నం వాట్సాప్‌లో ‘మీ వాహనంపై 1,000 రూపాయల చలాన్ ఉంది, ఫొటో కోసం కింది ఫైల్ తెరవండి’ అని వస్తే, ‘చూశావా, వాడు పేరు మార్చుకోనేలేదు’ అనుకున్నారు. పైగా పంపింది ఎవరో కాదు, ఆయనతో కలిసి పనిచేసిన మాస్టారే. ఫైల్ నొక్కారు. పొద్దుగూకేలోగా మూడు విడతలుగా 86 వేలు పోయాయి.

బాబాయి ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. పైసా తేడా వస్తే పాలవాడితో కూడా పద్దు మళ్లీ వేయించేవారు. అలాంటాయన కూడా ఒక్క నొక్కుతో పడిపోయారంటే తెలివితక్కువై కాదు. మనసులో అప్పటికే ఉన్న అనుమానానికి ఆ మెసేజ్ అచ్చంగా అతుక్కుంది. ఇంకొకరికి కరెంటు బిల్లు దగ్గర అతుక్కుంటుంది, ఇంకొకరికి అమెరికాలో ఉన్న కొడుకు దగ్గర.

ఆ వారమంతా ఇంట్లోవాళ్ల ఫోన్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు చేసినవి, నేర్చుకున్నవి ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి పని: పేరు వదిలేసి, అడుగుతున్నదేమిటో చూడండి

బ్యాంకు లోగో, పోలీసు యూనిఫాం, తెలిసినవాళ్ల ఫొటో, చివరికి గొంతు కూడా తయారు చేసుకోవచ్చు. కాబట్టి ‘ఇది నిజంగా బ్యాంకేనా’ అని ఆలోచిస్తూ కూర్చుంటే తేలదు. ‘నా చేత ఏం చేయించాలని చూస్తున్నారు’ అని అడిగితే చటుక్కున తేలిపోతుంది. ఎందుకంటే ఎన్ని కథలు అల్లినా చివరికి అడిగేవి ఈ ఆరు పనులే: లింకు నొక్కండి, ఫైల్ ఇన్‌స్టాల్ చేయండి, ఓటీపీ చెప్పండి, పిన్ కొట్టండి, స్క్రీన్ చూపించండి, డబ్బు వేయండి. వీటితో పాటు రెండు తాళింపులు ఉంటాయి. ఒకటి ‘వెంటనే’, రెండోది ‘ఎవరికీ చెప్పకండి’.

ఈ పనుల్లో ఏది అడిగినా ఆ మెసేజ్‌లోని దారిన వెళ్లకండి, మీ దారిన వెళ్లండి. బ్యాంకు అంటే కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. కరెంటు బిల్లంటే మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) యాప్‌లో చూసుకోండి. ‘పిన్నీ, నా ఫోన్ పోయింది, ఇది కొత్త నంబరు, అర్జెంటుగా ఇరవై వేలు పంపు’ అంటే పాత నంబరుకే చేయండి. ఫోన్ పెట్టేస్తే మర్యాదగా ఉండదేమో అని మనవాళ్లకు ఒక మొహమాటం ఉంది. దాని మీదే మోసగాళ్లు బతుకుతున్నారు. మాట మధ్యలో కట్ చేయడం అలవాటు చేసుకోండి.

ఎస్సెమ్మెస్‌ని చదవడం

బ్యాంకులు, కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్ పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు. దానికి ఒక అక్షరాల పేరు ఉంటుంది: మొదట రెండు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక గీత, ఆ తర్వాత సంస్థ పేరును సూచించే అక్షరాలు. ఇప్పుడు చివర ఇంకో గీత పెట్టి ఒక అక్షరం కూడా ఇస్తున్నారు. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. ‘మీ ఖాతా ఈరోజే బ్లాక్ అవుతుంది’ అన్న మెసేజ్ మామూలు పది అంకెల నంబరు నుంచి వచ్చిందంటే ఇక చదవనక్కర్లేదు.

అలాగని అక్షరాల పేరు ఉన్నంత మాత్రాన అసలుదని నమ్మేయకండి. వాటిని కూడా దుర్వినియోగం చేసిన సందర్భాలున్నాయి. పది అంకెలుంటే నకిలీ అని తేల్చేయవచ్చు, అక్షరాలుంటే మాత్రం ఇంకా పరీక్ష పెట్టాలి.

కాల్స్‌కీ ఇలాంటి ఏర్పాటే ఉంది. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు తమ ఖాతాదారులకు చేసే సర్వీసు కాల్స్ కోసం 1600తో మొదలయ్యే నంబర్లు, ప్రచార కాల్స్ కోసం 140తో మొదలయ్యేవి కేటాయించారు.

లింకుకు ఇంటిపేరు చివర్లో ఉంటుంది

మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. వెబ్ చిరునామాలో అది చివర ఉంటుంది. మోసగాడు ఆడుకునేది సరిగ్గా ఈ తేడాతోనే. ‘మీబ్యాంకు డాట్ కేవైసీ-అప్‌డేట్ డాట్ టాప్’ అన్న లింకులో మన కన్ను ముందున్న ‘మీబ్యాంకు’ మీద పడుతుంది. కానీ అది ఒట్టి ముద్దుపేరు. ఎవరైనా పెట్టుకోవచ్చు. అసలు వంశం ‘కేవైసీ-అప్‌డేట్ డాట్ టాప్’.

కాబట్టి లింకులో మొదటి ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగండి. అంటే రెండు గీతలు పక్కపక్కనే ఉన్న చోటు కాదు, ఆ తర్వాత వచ్చే గీత. అక్కడి నుంచి ఎడమవైపుకు, వెనక్కి చదవండి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సైట్ల చిరునామాలు సాధారణంగా ‘జీఓవీ డాట్ ఇన్’తో గానీ ‘ఎన్‌ఐసీ డాట్ ఇన్’తో గానీ ముగుస్తాయి. బ్యాంకులకైతే ‘బ్యాంక్ డాట్ ఇన్’ అని ప్రత్యేకమైన చివర ఇచ్చారు. 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ దానికి మారాలని ఆర్‌బీఐ గడువు పెట్టింది. చుక్క బదులు చిన్న గీత పెట్టి ‘జీఓవీ-ఇన్’ అని రాసినా మన కళ్లు మోసపోతాయి. చత్వారం ఉన్నవాళ్లయితే మరీను. పొట్టి లింకుల్లో ఇంటిపేరు కనబడనే కనబడదు, కాబట్టి డబ్బు విషయంలో వాటిని అసలు తెరవకండి.

ఏపీకే ఫైల్: బాబాయి ఫోన్‌లో జరిగింది ఇది

ఈ ఒక్కదాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన దగ్గర ఇది విపరీతంగా తిరుగుతోంది. చలాన్ పేరుతో వస్తుంది, పీఎం కిసాన్ పేరుతో వస్తుంది, పెళ్లి శుభలేఖ పేరుతో కూడా వస్తుంది. ఫైల్ పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది ఫొటో కాదు, కాగితం కాదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎక్కే యాప్.

బాబాయి నొక్కగానే ఫోన్ ఒకసారి అడిగింది: ‘తెలియని చోటు నుంచి వచ్చిన యాప్‌కు అనుమతిస్తారా?’ ఆయన సరేనన్నారు. తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడిగింది. దానికీ సరే. ఇక ఐపోయింది. ఆ యాప్ తన బొమ్మను స్క్రీన్ మీద కనబడకుండా దాచేసుకుంది. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలన్నీ అటువైపు వెళ్లిపోయాయి. ‘నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదురా’ అని ఆయన అంటూనే ఉన్నారు. నిజమే, చెప్పాల్సిన అవసరమే రాలేదు. అంతలో ఆయన వాట్సాప్ నుంచి అదే ఫైల్ మా పెద్దత్తయ్యకీ, ఆయన పాత స్టూడెంట్లకీ వెళ్లిపోయింది. ఆ కొలీగ్ మాస్టారి నుంచి బాబాయికి వచ్చిందీ ఇలాగే. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చింది కదా అన్న ధీమా అందుకే పనికిరాదు.

చలాన్ నిజమో కాదో తెలుసుకోవాలంటే కేంద్ర రవాణా శాఖ పరివాహన్ ఈ-చలాన్ సైట్‌ను మీరే టైప్ చేసి తెరిచి, బండి నంబరు కొట్టి చూడండి. తెలంగాణలోనైతే పోలీసుల ఈ-చలాన్ సైట్ కూడా ఉంది. ఏ ప్రభుత్వ శాఖా వాట్సాప్‌లో ఏపీకే పంపదు.

ఒకవేళ నొక్కేశారనుకోండి. అప్పుడు చేయాల్సిన వరస:

1. వెంటనే ఏరోప్లేన్ మోడ్ వేయండి, వైఫై కూడా ఆపండి. ఓటీపీలు బయటికి వెళ్లే దారి మూసుకుపోతుంది.
2. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు కదిలి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.
3. పాస్‌వర్డులు వేరే ఫోన్‌లో మార్చండి. పాడైన ఫోన్‌లో మారిస్తే కొత్తదీ వాళ్లకే చేరుతుంది.
4. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ చూసి తెలియనివి తీసేయండి. ‘నా నుంచి వచ్చిన ఫైల్ తెరవకండి’ అని అందరికీ చెప్పండి.
5. ఫొటోలు, కాంటాక్టులు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. ఆ యాప్ ఒక్కటి తీసేశాం కదా అని ఊరుకోకండి.

పిన్ ఉన్నది పంపడానికే

యూపీఐలో డబ్బు మనకు రావాలంటే పిన్ కొట్టనక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ చేయనక్కర్లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే పాత సామాను అమ్మేటప్పుడు జరిగే మోసాలు చాలావరకు ఆగిపోతాయి. మంచం అమ్ముతానని ప్రకటన పెడితే ‘నేను ఆర్మీలో ఉన్నాను, బేరం ఆడను, ఈ కోడ్ స్కాన్ చేయండి, డబ్బు పడుతుంది’ అంటాడు ఒకడు. బేరం ఆడని కొనుగోలుదారుడు మన ఊళ్లలో ఎప్పుడైనా దొరికాడా? డబ్బు వేయమని వ్యక్తులు ఒకరికొకరు పంపుకునే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ని 2025 అక్టోబర్ నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపించింది కానీ, క్యూఆర్ దారి తెరిచే ఉంది.

దీనికి చుట్టం ఇంకోటి: ‘పొరపాటున మీకు పది వేలు పంపాను, ఆస్పత్రిలో ఉన్నాం, వెనక్కి వేయండి’. డబ్బు పడినట్టు ఎస్సెమ్మెస్ కూడా చూపిస్తుంది, కానీ ఆ ఎస్సెమ్మెస్ రాసింది వాడే. యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడండి. నిజంగానే పడి ఉంటే మీరు తిరిగి పంపకండి, మీ బ్యాంకుకు చెప్పండి. అది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన సొమ్ము అయ్యుండొచ్చు.

గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్, స్టార్ కోడ్లు

రీఫండ్ రాలేదని గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికితే పైన కనబడేది మోసగాడు పెట్టిన నంబరు కావచ్చు. నంబరును ఆ కంపెనీ యాప్ లోపలి నుంచో, బిల్లు మీద నుంచో తీసుకోండి. ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమన్నా, వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయమన్నా అక్కడితో ఆపేయండి.

కొరియర్ డెలివరీ కుదరలేదని ఫోన్ చేసి, స్టార్‌తోనో హ్యాష్‌తోనో ఉన్న కోడ్ వెనక ఒక మొబైల్ నంబరు చేర్చి డయల్ చేయమంటారు. అది కాల్ ఫార్వర్డింగ్. ఇక మీకు రావాల్సిన ఓటీపీ కాల్స్ వాడికి వెళ్తాయి. ఇప్పటికే చేసి ఉంటే ##002# డయల్ చేయండి, ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి.

డిజిటల్ అరెస్ట్

ముందు ఒక రికార్డు గొంతు వస్తుంది: మీ నంబరు రెండు గంటల్లో ఆగిపోతుంది, వివరాలకు 9 నొక్కండి. నొక్కితే ఒక ‘అధికారి’. మీ ఆధార్‌తో ముంబయిలో సిమ్ తీశారంటాడు, లేదా మీ పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటాడు. జాలిగా మాట్లాడి ‘పోలీసుల’కు కలుపుతాడు. అక్కడి నుంచి వీడియో కాల్. వెనక గోడ మీద చిహ్నం, భుజం మీద నక్షత్రాలు, టేబుల్ మీద ఫైళ్లు. కేసు నంబరుతో సుప్రీంకోర్టు పేరిట ఒక కాగితం. మిమ్మల్ని ఇంట్లోనే అరెస్టు చేశామంటారు: కెమెరా ముందు నుంచి కదలకూడదు, భార్యకు కూడా చెప్పకూడదు, చెబితే ఆమెనూ కేసులో కలుపుతాం. చివరికి: ‘మీ డబ్బు మంచిదో కాదో ఆర్‌బీఐ పరిశీలిస్తుంది, ఈ ఖాతాకు వేయండి, తేలాక తిరిగి వస్తుంది.’ ఫిక్స్‌డ్ డిపాజిట్లు విరిచి పంపినవాళ్లున్నారు.

మన చట్టాల్లో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధాని మోదీ ‘మన్ కీ బాత్’లో కూడా ఇదే చెప్పారు. పోలీసులు విచారణకు పిలవాలంటే నోటీసు ఇవ్వాలి. అలాంటి నోటీసులను వాట్సాప్‌లో పంపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక ఆర్‌బీఐ మామూలు జనం డబ్బును తన ఖాతాలో వేయించుకుని పరిశీలించే పని ఎప్పుడూ చేయదు.

ఇలాంటి కాల్‌లో అన్నిటికంటే ప్రమాదమైన మాట అరెస్ట్ కాదు, ‘ఎవరికీ చెప్పకండి’ అన్నది. కాబట్టి సరిగ్గా ఆ మాట వినగానే ఫోన్ పెట్టేసి ఇంట్లో ఉన్న ఎవరికైనా, లేకపోతే పక్కింటివాళ్లకైనా చెప్పేయండి. రెండో మనిషి చెవిన పడితే ఆ కథ రెండు నిమిషాలు కూడా నిలబడదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లనే వీళ్లు వెతుక్కుంటున్నది అందుకే.

లాభం చూపించే గ్రూపులు

యూట్యూబ్ వీడియోకి లైక్ కొడితే రూ.150, హోటల్‌కి రివ్యూ రాస్తే రూ.200. మొదట్లో నిజంగానే ఇస్తారు. ఆ డబ్బు ఎర. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అంటూ మీతోనే కట్టించుకుంటారు. షేర్ల గ్రూపులదీ అదే దారి: వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో నూటయాభై మంది, రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు, ‘సార్ దయవల్ల కారు కొన్నాను’ అని ఒకావిడ. ఆ గ్రూపులో మోసపోవాల్సినవాళ్లు మీరొక్కరే కావచ్చు, మిగతావాళ్లంతా వాళ్ల మనుషులే కావచ్చు. యాప్‌లో కనబడే లాభం ఒట్టి అంకె. తీసుకోబోతే ముందు ‘టాక్స్’ కట్టమంటారు. నిజమైన పన్ను ఎవరూ ఇలా వ్యక్తి ఖాతాకు కట్టించుకోరు. సలహా ఇచ్చేవాడి రిజిస్ట్రేషన్ షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ సైట్‌లో చూడండి, డబ్బు ఎవరి పేరున్న ఖాతాకు వేయమంటున్నాడో చూడండి. సాధారణంగా రోజుకో పేరు ఉంటుంది.

ఫోన్‌కి అవతలున్న కుర్రాడు తెలుగువాడే కావచ్చన్నది ఇందులో బాధ కలిగించే సంగతి. డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా పంపి, అక్కడ ఇలాంటి మోసాలు చేయించిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. విదేశీ ‘టైపింగ్’ ఉద్యోగానికి టూరిస్టు వీసా మీద రమ్మంటే వెళ్లకండి. అలాగే కమీషన్ ఇస్తామంటే బ్యాంకు ఖాతాను, సిమ్‌ను ఎవరికీ అద్దెకివ్వకండి. కొట్టేసిన డబ్బు ఆ ఖాతా గుండా పోతే పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే. కాలేజీ పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకు వచ్చే టోల్ బాకీ మెసేజ్‌లు, ‘మీ వీసా రద్దవుతుంది’ అనే కాల్స్ కూడా ఈ కోవలోవే. అక్కడ అనుమానపు ఎస్సెమ్మెస్‌ను 7726కి ఫార్వర్డ్ చేయవచ్చు. గిఫ్ట్ కార్డులతో కట్టమన్నవాడు ఏ ప్రభుత్వ అధికారీ కాదు.

డబ్బు పోయిందా? గడియారం చూసుకోండి

1930కి చేయండి. పోలీస్ స్టేషన్‌కు వెళ్దాం, రేపు బ్యాంకు తెరవనీ, అబ్బాయి ఆఫీసు నుంచి రానీ అని ఆగకండి. పోయిన డబ్బు ముందు ఒక ఖాతాలో పడి, అక్కడి నుంచి ఇంకో నాలుగింటికి చీలి, ఏటీఎంలోనో క్రిప్టోలోనో మాయమవుతుంది. 1930కి చెబితే ఆ వివరాలు బ్యాంకుకు వెళ్తాయి, డబ్బు ఇంకా అక్కడే ఉంటే కదలకుండా ఆపుతారు. తర్వాతి బ్యాంకుకు దాటిపోయి ఉంటే సమాచారమూ అక్కడికి దాటుతుంది. అంటే ఇది పరుగు పందెం.

ఫోన్ చేసే ముందు ఇవి ఒక కాగితం మీద రాసుకోండి: మీ ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, సమయం, ప్రతి లావాదేవీకీ ఉండే రిఫరెన్స్ నంబరు (యూపీఐలో 12 అంకెలు), అవతలి వాడి నంబరు లేదా యూపీఐ ఐడీ. లైను దొరక్కపోతే ఊరుకోకుండా ‘సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్’లో ఫిర్యాదు పెట్టండి. చాట్‌లు చెరిపేయకండి. సిగ్గుతో చాలామంది ముందు చేసే పని అదే, సాక్ష్యం మొత్తం పోతుంది.

బ్యాంకుకు విడిగా రాతపూర్వకంగా చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటి లోపం వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో చెబితే మీకు నష్టం ఉండకూడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపే క్షణం దాకా పోయింది మీదే, తెలిపాక పోయింది మాత్రం బ్యాంకుది. అందుకే బ్యాంకుకు తెలిపిన సమయానికి రుజువు ఉండాలి.

డబ్బు పోలేదు, మెసేజ్ మాత్రమే వచ్చిందంటే కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ సైట్‌లో ‘చక్షు’ అన్న చోట ఫిర్యాదు చేయవచ్చు. 1930ని దానికి వాడకండి, ఆ లైను డబ్బు పోయినవాళ్లకు దొరకాలి.

ఒక సాయంత్రం కూర్చుని చేసే పని

అమ్మానాన్నల ఫోన్ తీసుకుని ఇవి చేసేయండి. వాట్సాప్‌కు రెండంచెల వెరిఫికేషన్ పెట్టండి. యూపీఐని పెన్షన్ ఖాతాకు తగిలించకుండా, ఐదారు వేలుండే వేరే ఖాతాకు తగిలించండి. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ కాపాడేది ఇదే. కార్డు మీద విదేశీ లావాదేవీలు ఆపేయండి. సంచార్ సాథీలో వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి, తెలియనివి ఉంటే అక్కడే చెప్పవచ్చు. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేయండి. భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీద వేలిముద్రలు ఉంటాయి, వాటిని నకలు తీసి ఆధార్‌తో డబ్బు డ్రా చేసిన ఉదంతాలున్నాయి. రేషన్‌కో పెన్షన్‌కో వేలిముద్ర వేయాల్సిన రోజు లాక్ తీయాలని మాత్రం గుర్తుంచుకోండి.

ఇంకొకటి, ఇంట్లో ఒక గుర్తుమాట పెట్టుకోండి. గొంతు అచ్చం మనవడిదే అయినా ఆ మాట చెప్పలేకపోతే డబ్బు వేయకూడదు. మేం మా తాతగారి ఊళ్లో ఎద్దుకు పెట్టుకున్న పేరు పెట్టుకున్నాం.

పోగొట్టుకున్నవాళ్లను తిట్టకండి. బాబాయి ఫైల్ నొక్కింది మధ్యాహ్నం, మాకు చెప్పింది రాత్రి తొమ్మిదికి. పిన్ని ఏమంటుందో అన్న భయంతో ఆ గంటలన్నీ మింగేశారు. అప్పటికి 1930కి చేస్తే 19 వేలు మాత్రమే ఒక ఖాతాలో ఆగి ఉన్నాయి.

ఆ తర్వాత రెండు నెలలకు ఆయనకు ఇంకో ఫోన్ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. పోయిన డబ్బు మొత్తం రాబడతామని, సైబర్ లాయర్లమని చక్కటి తెలుగులో మాట్లాడారు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు ఇలా చేతులు మారుతూనే ఉంటాయి. బాబాయి ఓపిగ్గా అంతా విని, ‘సరే బాబూ, ఇప్పుడు నన్నేం చేయమంటావు?’ అని అడిగారు. ఫైల్ ఛార్జీ 4,500 వేయాలన్నాడు. బాబాయి నా వైపు చూసి, ఫోన్ కట్ చేసి, ఆ నంబరు చక్షులో ఎలా పెట్టాలో చూపించమన్నారు.